వయ్యారిభామ: పేరును గుణమును



మన నెక్కొండ చుట్టుపట్ల పొలము గట్లపైనను, బాటల ప్రక్కలను తెల్లని చిన్నపూలు పూయు మొక్క నొకదానిని మీ రెల్లరు నెఱుగుదురు. అదియే వయ్యారిభామ. సన్నని కొమ్మలు గాలికి వయ్యారముగా నూగుటచే నా పేరు గలిగినదని తోచును. శాస్త్రజ్ఞులు దీనిని పార్థీనియ మందురు; గ్రీకు భాషలో పార్థెనోస్ అనగా కన్య. అచ్చటను నిచ్చటను ఆడుపేరే తగులుట వింత!

కాంగ్రెసు గడ్డి యనునది మఱియొక పేరు. పూలు తెల్లని టోపీలవలె నుండుటచే నని కొందఱును, కాంగ్రెసు ప్రభుత్వకాలమున అమెరికా గోధుమలతో విత్తనము వచ్చుటచే నని కొందఱును జెప్పుదురు. దీని పుట్టినిల్లు అమెరికా ఖండమే. 1955లో పూనా వద్ద గుర్తింపబడిన పిమ్మట దేశమంతట వ్యాపించినది.

నా యభిప్రాయమున నీ రెండు పేర్లును రైతును మోసగించునవే. ఇది గడ్డి కాదు, చామంతి కుటుంబపు మొక్క. పశువు మేసినచో పాలు చేదగును. తాకినవారికి దురదయు, పుప్పొడి పీల్చినవారికి ఉబ్బసమును గలుగవచ్చును. 2000లో అనంతపురము జిల్లాలో వేరుసెనగను నాశనము చేసిన కాండముకుళ్లు వైరసు ఈ మొక్కలో రోగచిహ్న మేమియు లేకయే దాగియుండును. దీని పుప్పొడియు తామరపురుగులును గలసి దానిని పైరునకు జేర్చును.

గాయపాకును జూడుడు. అదియు అమెరికానుండి వచ్చినదే. కాని మనవారు కొడవలి గాయముపై దాని రసము పిండి, ఆ గుణమునే పేరుగా నుంచిరి. పేరు వినగానే పని తెలియును. వయ్యారిభామకో, గుణ మెఱుగకమున్నే అందము జూచి పేరు పెట్టితిమి.

నాటుకొనిన పేరును మార్చుట మన వశము గాదు. పిల్లలకు పేరుతోపాటు గుణమును జెప్పుట మన వశము. వాన కురిసి నేల మెత్తబడినపుడు, పూత రాకమున్నే, చేతులకు గుడ్డ చుట్టుకొని వేళ్లతో బెఱుకుడు. పూయని మొక్కను ఎరువుగుంటలో వేయవచ్చును. గింజ పట్టినదానిని వేయరాదు. ఒక్క మొక్కకు పదునైదువేల గింజలు గలుగవచ్చును. అవి గాలితోను నీటితోను పొరుగువాని చేనికి బోవును. కావున ఒక్కనిచే నగు పని కాదు. సంఘసభ్యు లొక దినము నిర్ణయించుకొని గట్లన్నింటిని గలసి శుభ్రపఱచిననే ఫలము గలుగును. అప్పులకును ఎరువులకును గలసిన మనము కలుపునకు గలియరాదా?