పాజిటివ్ అంటే మంచిదేనా?

పదిహేనేళ్ల కిందటి మాట. మా పిన్నికి నాలుగు రోజులుగా జ్వరం. రక్తపరీక్ష రిపోర్టు తనే వెళ్లి తెచ్చుకుంది. ‘ఏమొచ్చింది పిన్నీ?’ అని ఫోన్లో అడిగితే, ‘పాజిటివ్ అనే ఉందిరా, ఏం ఫర్వాలేదు’ అంది నిశ్చింతగా. సాయంత్రం వెళ్లి చూద్దును కదా... అది డెంగీ పరీక్ష! ఆ రాత్రే ఆస్పత్రికి పరుగు.

పిన్నిని ఏమనగలం? ‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అని వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ ఊదరగొడుతుంటే, పాజిటివ్ అంటే మంచిదనే అనుకుంటాం మరి. నిజానికి ఈ మాటకు మూలమైన లాటిన్ పదానికి ‘పెట్టడం, ఉంచడం’ అని అర్థం. అక్కణ్నుంచి ‘ఖాయమైనది’ అయింది. ‘ఆర్ యూ పాజిటివ్?’ అని ఇంగ్లిషువాళ్లు అడిగితే ‘కచ్చితంగా తెలుసా?’ అనే. డాక్టర్ల భాషలో పాజిటివ్ అంటే ‘దేనికోసం వెతికామో అది కనిపించింది’ అని, అంతే. వెతికింది రోగమైతే బెంగ, కడుపులో బిడ్డకోసమైతే ఇంటిల్లిపాదికీ స్వీట్లు! 2020లో కరోనా వచ్చాక ఈ సంగతి పిన్నికే కాదు, ఊరందరికీ తెలిసిపోయింది.

తెలియాల్సింది ఇంకోటుంది. ఆ రోజు రిపోర్టులో పిన్ని బ్లడ్ గ్రూపు ‘బి నెగెటివ్’ అని ఉంది. దానికి మాత్రం ‘నా రక్తంలో ఏదో లోపముందట్రా’ అని దిగులుపడింది. లోపమేమీ కాదు. ఎర్ర రక్తకణాల మీద ఆర్‌హెచ్ అనే ప్రొటీన్ ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. అంతమాత్రానికే పెళ్లి సంబంధం వద్దనుకునే పెద్దలను చూశాను. చిత్రంగా ఉంటుంది!

జాగ్రత్త పడాల్సింది కాన్పు విషయంలో. తల్లిది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే, బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసినప్పుడు తల్లి ఒంట్లో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు కావచ్చు. తొలి బిడ్డకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. తర్వాతి బిడ్డ రక్తకణాలను అవి దెబ్బతీస్తాయి. అలా జరగకుండా యాంటీ-డి ఇంజెక్షన్ ఉంది. కాన్పయ్యాక 72 గంటల్లోపు ఇస్తారు. ఏడో నెలలో ముందుగానే ఇవ్వడమూ ఉంది. గర్భస్రావమైనా ఇది అవసరం కావచ్చు, చాలామంది మరచిపోయేది అక్కడే. మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఒకసారి ఆమె కార్డు తీసి గ్రూపు చూడండి. పక్కన ‘నెగెటివ్’ అనుంటే ఈ ఇంజెక్షన్ సంగతి డాక్టరును ఇప్పుడే అడగండి.