స్వయంకృత పనిముట్లు

గొడ్డలికామ సైతము అంగడినుండి రావలసినదేనా? తిరువూరు రైతుల గట్లపై తుమ్మ యింకను పెరుగుచునే యున్నది. పచ్చికఱ్ఱ ఉలికి సులభముగ లొంగును. ఆరుకొలది అడ్డముగ కుంచించుకొనును. కావుననే పచ్చిదిమ్మెకు తొలిచిన రంధ్రమున ఎండినకాలు బిగించినచో, దిమ్మె యారి దానిని మేకు లేకయే పట్టుకొని, మంచి పనిపీట యగును. కామను మాత్రము పచ్చిగ తొడుగరాదు. వదులై గొడ్డలి యెగిరిపడును. 2022లో నేర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలోనే యున్న కొండపల్లివారు తెల్లపొణికిని వేడిచేసి తడి పోగొట్టి, చెక్కిన యవయవములను చింతగింజల జిగురుతో నతుకుదురు. కఱ్ఱ స్వభావ మెఱుగుటయే వారి పెట్టుబడి; అది వినినంత మాత్రమున పట్టుబడదు. తమ బిడ్డలను బాడిశ ముట్టనీయని భూస్వాములు, వడ్రంగి యూరు విడిచెనని వగచుట వింతయే! మన పాఠశాలలు వారమున కొకపూట ఆతని పిలిపించి, ఉపాధ్యాయునితో సమముగ వేతన మిచ్చిన నేమి?