తొట్టెలా, మంచమా?

బయ్యారం నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఏడో నెల. తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చి ఉన్నారు. భర్తకు హైదరాబాదులో ఉద్యోగం. ఆయన రోజూ ఫోనులో బొమ్మలు పంపుతున్నారట: కటకటాల మంచం, తల్లి మంచానికి ఆనించే చిన్న మంచం, దానంతటదే ఊగే కరెంటు ఊయల, ప్రయాణాలకు మడిచి పట్టుకుపోయే తొట్టి. “ఇవన్నీ కొంటే మా నాన్న పత్తి అమ్మిన డబ్బులో సగం పోతుంది. తొట్టెల తల్లిగారే పెట్టాలి గనుక ఆయన కాదనలేకపోతున్నారు. మా అమ్మేమో, నువ్వూ తమ్ముడూ చీర ఊయలలోనే పెరగలేదా అంటుంది. ఏది కొనాలో చెప్పండి” అని ప్రశ్న.

అమ్మాయీ, ముందుగా కొనవలసినది దోమతెర. మీ ఊరి చెరువు కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినది. దాని శాసనం చరిత్రకారులకు పెన్నిధి. చెరువూ, పొలాలూ ఉన్న ఊళ్ళో దోమలకు కొదవేముంటుంది? తెర అంచులు నాలుగు వైపులా పడక క్రిందికి దోపాలి. ఇలా దోపితే దోమే కాదు, రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని కాటువేసే కట్లపాము కూడా లోపలికి రాలేదు. పొలం గట్టున ఇల్లున్నవారికి ఇది చిన్న సంగతి కాదు.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం కె.సి.ఆర్. కిట్ ప్రారంభించింది. సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లికిచ్చిన ఆ సంచిలో సబ్బులు, నూనె, బట్టలతోబాటు బిడ్డకు చిన్న పడకా, దోమతెరా ఉండేవి. ఫిన్లండు దేశంలో 1938లోనే బీద తల్లులకు ఇటువంటి పెట్టె ఇవ్వడం మొదలుపెట్టి, 1949 నుంచి తల్లులందరికీ ఇస్తున్నారు. ఆ అట్టపెట్టె అడుగున చిన్న పరుపు ఉంటుంది. బట్టలు తీసేస్తే అదే బిడ్డకు తొలి మంచం! కలిగిన దేశమే అట్టపెట్టెతో సరిపెట్టుకొంటున్నప్పుడు మనకు కరెంటు ఊయల దేనికి?

బిడ్డ నిద్రకు కావలసినవి మూడే: చదునుగా, గట్టిగా ఉన్న పడక; వెల్లకిలా పడుకోబెట్టడం; తల్లి చేతికందేంత దూరం. మొదటి ఆరు నెలలూ తల్లి పడుకొనే గదిలోనే, కాని వేరే పడకమీద ఉంచమని అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం సలహా. అక్కడ 1994లో “వెల్లకిలా పడుకోబెట్టండి” అని పెద్ద ప్రచారం చేశారు. తరువాతి ఏళ్ళలో నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివాళ్ళ సంఖ్య సగానికి పైగా తగ్గింది. అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళిన మన అమ్మలు, అక్కడి నర్సు ఆవాల దిండు తీయించిందని నొచ్చుకుంటారు గాని, నర్సు మాటే సబబు. తల గుండ్రనవడానికి దిండు అక్కరలేదు. మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ళెదుట కాసేపు బోర్లా వేస్తే చాలు.

ఇక మీ అమ్మగారి చీర ఊయల. దాన్ని వెక్కిరించేవాళ్ళలో నేను లేను. మిరపచేలో కూలికి వెళ్ళిన తల్లి చెట్టుకొమ్మకు చీర కట్టకపోతే బిడ్డను ఎక్కడ పడుకోబెడుతుంది? అయితే పసికందుకు తల బరువు, మెడకు బలం లేదు. చీర లోతుగా జారి బిడ్డ విల్లులా వంగితే గడ్డం రొమ్ముకు ఆని ఊపిరి ఆడదు. అందుచేత పగటిపూట, ఎవరో ఒకరు చూస్తూ ఉన్నప్పుడు, చీరను వెడల్పుగా పరచి కట్టి జోకొట్టండి. నిద్రపోగానే తీసి చదును పడకమీద వెయ్యండి. రాత్రంతా అందులోనే ఉంచవద్దు. బిడ్డ బోర్లపడడం నేర్చిననాడు ఊయల విప్పేయాలి. ముఖ్యంగా, పెద్దపిల్లలను అందులో ఊగనివ్వకండి. చీర మెలిపడి మెడకు బిగుసుకొని ప్రాణాలు పోయిన పిల్లలున్నారు.

నులక మంచం అసలే వద్దు. కుక్కిపడిన మంచంలో బిడ్డ నడిమికి దొర్లి తల్లి ప్రక్కన ఇరుక్కుపోతాడు. గచ్చు నేల, కన్నాలు లేని ఇల్లయితే చాపమీద పాత చీరల బొంత బిగువుగా మడిచి, తెర దోపితే అది మంచి పడకే. నేల నమ్మకం లేకపోతే ఊళ్ళో వడ్లాయన చేత చిన్న కటకటాల మంచం చేయించండి. కటకటాల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదు. అడుగు చదును చెక్క. పైన గట్టి దూది పరుపు, చుట్టూ రెండువేళ్ళు దూరే సందు లేకుండా. అందులో దిండ్లు, బొమ్మలు, కటకటాలకు కట్టే మెత్తలు ఏవీ వద్దు. అటువంటి మెత్తలనూ, ఏటవాలు పడకలనూ అమెరికా 2022లో చట్టంచేసి నిషేధించింది. మన బజారులో మాత్రం ముద్దుగా వ్రేలాడుతూనే ఉంటాయి.

పురిటి వేడుకనాటి తొట్టెల మాట. ఆ పూటకు చుట్టాలింటి తొట్టెల తెచ్చుకొని పూలు కట్టి, పేరు పెట్టి, పాటలు పాడి, మరునాడు తిరిగి ఇచ్చేయండి. నాన్నగారికి మాట దక్కుతుంది, పత్తి డబ్బూ దక్కుతుంది.

మీ వారికి కోపం వస్తుందేమోనని సందేహించకండి. ఆయన పంపిన బొమ్మలన్నీ వద్దనడం కన్నా, ఒక్క పెద్ద మంచం మీరు హైదరాబాదు వెళ్ళేనాటికి కొనమనండి. అప్పటికి బిడ్డ దొర్లుతూ ఉంటాడు, ఆ కటకటాలతో పనీ పడుతుంది. వాడిన మంచమైనా ఫరవాలేదు గాని, ఒక ప్రక్క క్రిందికి జారే రకం తీసుకోవద్దు. దాన్ని అమెరికాలో 2011లోనే అమ్మకుండా ఆపేశారు. ఆ మంచాన్ని కిటికీకీ, కర్టెను తాళ్ళకూ, ఫోను చార్జరు తీగలకూ దూరంగా వేయించండి.