కొర్రమీను పిల్లకు మొదటి మేత



మృగశిర కార్తె వచ్చెనన్న భాగ్యనగరమున కొర్రమీనునకు గల గిరాకి మీరెఱిగినదే. పాతబస్తీ దూద్‌బౌలిలో ఉబ్బసరోగులకు మందుతో సజీవమైన కొర్రమీను పిల్లను మ్రింగించు ఆచారము చిరకాలముగా నుండెను. ఆ పంపకము ఇటీవల నాంపల్లి ప్రదర్శన మైదానమున జరుగుచున్నది. మందు గుణమును గూర్చి నేను వాదింపను. అన్ని పిల్లలను బ్రతికించి పెంచుట యెట్లన్నదే నా ప్రశ్న.

గ్రుడ్డు వెడలిన పిల్ల మూడు నాలుగు దినములు తన పొట్టక్రింది సొనతో జీవించును. పిమ్మట దానికి కదలెడు మేతయే కావలెను. తవుడు, చెక్క ముట్టదు. రోటిఫర్లు, మోయినా, ఆర్టీమియా మున్నగు సూక్ష్మజంతువులే దాని తల్లిపాలు. మేత చాలనిచో పిల్లలు చిన్న పెద్దలై, పెద్దవి చిన్నవానిని మ్రింగును.

ఇచ్చట మేలుచేయు సూక్ష్మజీవుల ప్రసక్తి వచ్చును. పాలలో మంచి తోడు ముందు పడినచో పెరుగగును. ఆలసించినచో పాలు చెడును. పిల్ల ప్రేగును అట్టిదే. ముందు చేరిన జీవులకే అచ్చట చోటు దొరకును. ఈ జీవులనే ప్రొబయాటిక్కులని సీసాలలో అమ్ముచున్నారు. నేనెఱిగిన యొక రైతు, దుకాణదారుని మాట నమ్మి, సీసాలన్నియు చెరువులో గ్రుమ్మరించెను. అంత నీటిలో అవి యెచ్చటికి పోయెనో! పిల్లలు చచ్చెను, అప్పు మిగిలెను.

మందును నీటికి గాక మేతకు పెట్టవలెను. ఆర్టీమియా తన కందిన సూక్ష్మకణము నెల్ల వడగట్టి మ్రింగును. అయితే పొదిగిన వెంటనే దానికి నోరు తెఱవబడదు. సుమారు ఎనిమిది గంటలకు కుబుసము విడిచిన పిమ్మటనే తినును. అప్పుడు దానిని ఆ జీవులున్న నీట కొన్ని గంటలుంచి, కడిగి, పిల్లలకు కొద్ది కొద్దిగా పెట్టవలెను. మంచినీట అది యెక్కువసేపు బ్రతుకదు. బండి మంచి సరకునే గాక చెడ్డ సరకును మోయును గనుక, కుళ్లిన యెరువునీట పెంచిన మోయినా రోగమునే తెచ్చును. సూక్ష్మజీవులను చంపు మందులను దీనితో కలుపరాదు. అవి మిత్రుని శత్రువుని వేఱుచేయవు.

1991లో గాటెసూప్ అను పరిశోధకుడు లాక్టిక్ బాక్టీరియాతో మేపిన రోటిఫర్లను టర్బట్ అను సముద్రపు చేప పిల్లలకు పెట్టి పరీక్షించెను. నాటినుండి పలుదేశములలో ఈ మార్గమున కృషి సాగినది. కాని సముద్రపు చేపకు మేలైనది మన కొర్రమీనునకును అంతే మేలగునని చెప్పుటకు వీలులేదు.

కాబట్టి నా యభిప్రాయ మిది. సంఘధనముతో సీసాలు కొనుటకు ముందు, ప్రతి సంఘమును రెండు తొట్లు ప్రక్కప్రక్కన పెట్టవలెను. నీరు, పిల్లల లెక్క, మేత సమానము. ఒక తొట్టి మేతకు మాత్రమే ఈ జీవులు. పదునైదవ దినమున సభ్యులయెదుట లెక్కించి తూచుడు. లాభము కనబడినచో కొనుడు, లేనిచో మానుడు. అమ్మువాని మాటకన్న మన తొట్టి చెప్పు సాక్ష్యమే మనకు ప్రమాణము.