పాఠశాలాభిమానము

ప్రతి ఉదయమును మన పాఠశాలలలో గంట మ్రోగును. బాలబాలికలు వరుసలు తీరి నిలిచి, కుడిచేతిని ముందునకు చాచి, ప్రతిజ్ఞ చేయుదురు. సూర్యాపేటలోనైనను, కోదాడలోనైనను, మిర్యాలగూడలోనైనను అప్పుడు వినవచ్చు మాటలు ఒక్కటియే. ఆ మాటలను కూర్చిన వ్యక్తి ఈ ప్రాంతమువాడే యన్న సంగతి మనలో ఎందరికి తెలియును?

పైడిమర్రి వేంకట సుబ్బారావుగారు 1916వ సంవత్సరమున నల్లగొండ జిల్లాలోని అన్నెపర్తి గ్రామమున జన్మించిరి. పైన చెప్పిన మూడు పట్టణములును చిరకాలము ఆ జిల్లాలోనివే. 2016లో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూర్యాపేట, కోదాడలు సూర్యాపేట జిల్లాలో చేరినవి. సుబ్బారావుగారు విశాఖపట్టణమున ఖజానా అధికారిగా నుండగా 1962లో ఈ ప్రతిజ్ఞను తెలుగున రచించిరి. మరుసటి యేట విశాఖపట్టణపు పాఠశాలలలో బాలురు దానిని చదివిరి. 1965 జనవరి 26 నుండి అది దేశమందలి పాఠశాలలన్నిటను వ్యాపించెను. ఆయన మాటలు కోట్లకొలది బాలుర నోట పలికినవి. అయినను చాలకాలము పాఠ్యపుస్తకములలో ప్రతిజ్ఞ ఉండెనే గాని దాని క్రింద కర్త పేరు లేకుండెను. పేరు లేకున్నను పని నిలిచినది.

పాఠశాలాభిమాన మనగా నేమో తెలిసికొనుటకు ఈ వృత్తాంతము మనకు దారి చూపును. అందరిదియైన దానికొరకు, తన పేరు వినబడినను వినబడకున్నను, పని చేయుటయే నిజమైన అభిమానము.

లోకములో ఈ మాటకు వేరొక అర్థము ప్రచారములో నున్నది. మన బడి బాలురు కబడ్డీ పందెమున గెలిచినచో కేకలు వేయుటయు, వార్షికోత్సవమునాడు రంగురంగుల తోరణములు కట్టుటయు, పరీక్షలలో అధికముగా మార్కులు తెచ్చుకొన్నవారి బొమ్మలను గోడలకు అంటించుటయు అభిమానమని పలువురు తలంచుచున్నారు. ఇవి తప్పులని నేననను. ఆటలలో గెలుపు ఆనందకరమే. కాని కోదాడ బాలురు సూర్యాపేటకు పోయి గెలిచి, ఓడినవారిని ఎగతాళి చేసి వచ్చినచో, అది అభిమానము కాదు, దురభిమానము. ఓడిన జట్టుతో చేయి కలిపి, వారి ఆటను మెచ్చుకొని వచ్చిన బాలురే తమ బడికి కీర్తి తెచ్చినవారు.

మరి పాఠశాల యొక్క మంచిచెడ్డలను దేనితో కొలవవలెను? ఈ కొలత మన రైతులకు బాగుగా తెలియును. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. దాని ఎడమకాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల పొలములకు ప్రాణము పోసినది. మెట్టచేలు వరిమడులైనవి. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు వరుసగా వెలసినవి. కాలువ క్రింది రైతు నడిగి చూడుడు. నీరు సరిగా పారుచున్నదా యని తెలిసికొనుటకు అతడు కాలువ మొదట నిలిచి చూడడు; చిట్టచివరి పొలమునకు పోయి చూచును. అచ్చటి మడి తడిసినచో పంపకము బాగున్నట్లు. అచ్చట నేల నెఱ్ఱెలు వారినచో, మొదట ఎంత నీరు పొంగి పొరలినను ఏమి లాభము?

పాఠశాలకును ఇదియే కొలత. మొదటి బల్లమీద కూర్చున్నవాని మార్కులను బట్టి కాదు, చివరి బల్లమీద కూర్చున్నవాని ముఖమును బట్టి బడిని తెలిసికొనవలెను. మిల్లులలో బస్తాలు మోయుటకు పరరాష్ట్రములనుండి వచ్చినవాని కుమారుడు మన తరగతిలో చేరినాడనుకొందము. వానికి తెలుగు రాదు. వాని ఉచ్చారణ విని నవ్వువారు పదిమంది యుందురు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించువాడు ఒక్కడైనను ఉన్నాడా? ప్రత్తి తీయు కాలమున తల్లితో చేనికి పోయి వారముదినములు బడికి రాని బాలిక తిరిగి వచ్చినది. జరిగిన పాఠములను ఆమెకు చెప్పుటకు తోటి బాలిక లెవరైనను పూనుకొన్నారా? తెలుగునాట ప్రభుత్వ పాఠశాలలలో 2003 నుండి మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. ఆ పంక్తిలో ఏ బాలుడైనను కులమును బట్టి దూరముగా కూర్చుండవలసి వచ్చెనా, ఆ బడిలో ఎన్ని బహుమతులున్నను, ఉదయమున చేసిన ప్రతిజ్ఞ మధ్యాహ్నమునకే భంగమైనదని చెప్పవలెను.

చివరివానికి చదువు అందవలెనను తపన ఈ నేలకు క్రొత్తది కాదు. నిజాము పాలనలో ఉర్దూ రాజభాషగా నుండెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. తెలుగు బాలునికి తన భాషలో చదువు దుర్లభమై యుండెను. అట్టి దినములలో ఆంధ్రజనసంఘము ఊరూర గ్రంథాలయములను, పాఠశాలలను నెలకొల్పుటకు పూనుకొన్నది. 1928లో ఆ సంఘపు సభ సూర్యాపేటలో జరిగినది. ఆ యేడే హైదరాబాదు నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు తెలుగు బాలికలకై పాఠశాలను స్థాపించిరి. ఆనాడు పాఠశాలలకై శ్రమించినవారిలో పలువురి పేర్లు నేడు మన మెరుగము. వారు త్రవ్విన కాలువ నీరే మనము త్రాగుచున్నాము.

“ఈ పనులన్నియు చేయుచు కూర్చున్నచో మా చదువు సాగుట ఎట్లు?” అని కొందరు విద్యార్థు లడుగవచ్చును. ఒక లెక్కను తోటివానికి బోధించి చూడుడు. తనకు వచ్చునని తలంచినదానిలో ఎంత రాదో అప్పుడు తెలియును. చెప్పినవానికి పాఠము రెండు మారులు వచ్చును. “ఇది ఉపాధ్యాయుల పని కాదా?” అని మరికొంద రందురు. ఉపాధ్యాయుడు తరగతిలో నుండునంతవరకే చూడగలడు. ఆటస్థలమున, నీళ్ల కుళాయి దగ్గర, ఇంటికి పోవు దారిలో ఒకడు మరొకని నెట్లు చూచుచున్నాడో చూచువారు విద్యార్థులే. అచ్చట బడి గౌరవము వారి చేతులలోనే యున్నది. అయితే ఉపాధ్యాయులకు బాధ్యత లేదనరాదు. గురువు నోట ఒక బాలునిగూర్చి వెలువడిన హేళనవాక్యము నలువదిమంది నోట ప్రతిధ్వనించును, ఆదరవాక్యమును అట్లే.

కావున బాలబాలికలారా! మీ బడిని ప్రేమింపదలచినచో పెద్దపనులకై వేచియుండకుడు. రేపు ఉదయమున తరగతిలో ఖాళీగానున్న చోటును చూడుడు. అచ్చట కూర్చుండవలసినవా డెవడో, ఎందుకు రాలేదో తెలిసికొనుడు. సాయంకాలము వాని యింటికి పోయి పలుకరింపుడు. చదివిన పుస్తకమును బడి గ్రంథాలయమున కిండు. మీరు నాటిన వేపమొక్క నీడలో మీరు కూర్చుండకపోవచ్చును. అయినను నీరు పోయుడు. దాని మీద మీ పేరు వ్రాయ నక్కరలేదు.

ప్రతిజ్ఞ చెప్పుటకు ఒక్క నిమిషము చాలును. దానిని చెల్లించుటకు మాత్రము, గంట మ్రోగిన క్షణము మొదలు తిరిగి ఇల్లు చేరువరకు, దినమంతయు కావలెను.