ఎదురు డబ్బిచ్చి ఎండలో కవాతు

మన ఊళ్ళో పెళ్ళి ఊరేగింపుకి బ్యాండు మాట్లాడుకుంటే బయానా ఇచ్చేది మనం, పుచ్చుకునేది వాయించేవాళ్ళు. అమెరికాలో డ్రమ్ కోర్ అని ఒకటుంది. అక్కడ వ్యవహారం తిరగబడి ఉంటుంది, వాయించేవాడే ఎదురు డబ్బు కట్టాలి. కట్టి, మే నెలాఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా ఎండలో నిలబడాలి. ఏ ఊరి హైస్కూల్లోనో జిమ్ము నేల మీద పడుకోవాలి. రోజుకి పది పన్నెండు గంటలు సాధన చేయాలి. జీతం లేదు, గెలిస్తే పంచుకునే సొమ్మూ లేదు. అయినా పేరున్న జట్టులో ఖాళీ అయ్యే కాసిని చోట్ల కోసం కుర్రకారు విమానాలెక్కి వెళ్ళి మరీ పోటీ పడుతుంది.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానో, అలెన్ లాంటి ఊళ్ళ నిండా మనవాళ్ళే. టెక్సస్ హైస్కూళ్ళలో మార్చింగ్ బ్యాండుకి ఫుట్‌బాల్ పక్కనే పీట వేస్తారు. అలెన్ హైస్కూలు బ్యాండులోనే వందల మంది ఉంటారు. ట్రంపెట్టో, స్నేర్ డ్రమ్మో చేతబట్టిన మన పిల్లల్లో ఎవరో ఒకరు ఏ నవంబరులోనో అన్నాల దగ్గర మెల్లగా బయటపెడతారు, డ్రమ్ కోర్‌కి ఆడిషన్ ఇస్తానని. తల్లి ముందు ఆ మూడు నెలలూ తిండి సంగతేమిటని అడుగుతుంది. తండ్రి ఫీజెంత అని అడుగుతాడు. రెండూ సరైన ప్రశ్నలే. నేను మొదట తండ్రి ప్రశ్న తీసుకుంటాను.

అంతకన్నా ముందు, అసలిదేమిటో తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు. జట్టుకి నూటయాభై మందికి అటూ ఇటూ ఉంటారు. ఊదే ఇత్తడి వాద్యాలు, డప్పులు, జెండాలూ రైఫిళ్ళూ గాల్లో తిప్పే కలర్ గార్డ్. ఫ్లూటుకీ క్లారినెట్టుకీ ఇందులో చోటు లేదు. ఫుట్‌బాల్ మైదానం మీద పదకొండు పన్నెండు నిమిషాల ప్రదర్శన, వేసవంతా ఊరూరా తిప్పి అదొక్కటే. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి ఆట సరి. పోటీలు నడిపేది డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, డీసీఐ. ఫైనల్స్ కొన్నేళ్ళుగా ఇండియానాపొలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో జరుగుతున్నాయి. కాలిఫోర్నియాలోని కాంకర్డ్ ఊరి బ్లూ డెవిల్స్ ఇప్పటికి ఇరవైకి పైగా టైటిళ్ళు కొట్టేశారు. 1940లో పుట్టిన బోస్టన్ క్రూసేడర్స్‌కి తొలి డీసీఐ టైటిల్ దక్కింది 2025లో.

ఇక ఫీజు. పై శ్రేణి జట్లలో నాలుగు వేల నుంచి ఆరు వేల డాలర్ల దాకా ఉంటుంది, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ. మన డబ్బుల్లో మూడున్నర లక్షల నుంచి అయిదు లక్షల పైమాటే. ఆడిషన్ రుసుము వేరు. చలికాలమంతా నెలకో శిబిరం, శుక్రవారం రాత్రి వెళ్ళి ఆదివారం రాత్రి తిరిగి రావాలి. డాలస్ పిల్లాడికి ఒహాయోలోని కాంటన్‌లో ఉండే బ్లూకోట్స్‌లో చోటొస్తే ఆ టికెట్లన్నీ ఇంటి ఖాతాలోనే. బూట్లు రెండు జతలు, గ్లవ్స్, మౌత్‌పీస్, డప్పు పుల్లలు, గాలి పరుపు, గాలన్ నీళ్ళ జగ్గు, సన్‌స్క్రీన్ డబ్బాలు, బట్టలుతుక్కునే రోజున లాండ్రీకి చిల్లర. కరపత్రంలో ఒక అంకె కనిపిస్తుంది, చివరికి చేతి నుంచి వదిలేది మరో అంకె.

ఏ కరపత్రంలోనూ లేని అంకె ఇంకొకటుంది. అదే వేసవిలో ఆ పిల్లాడు ఏ దుకాణంలోనో గంటకి 12 డాలర్ల చొప్పున, వారానికి 40 గంటలు, 11 వారాలు పనిచేశాడనుకోండి. 5,280 డాలర్లు. అంటే ఫీజు ఎంతో, రాకుండా పోయిన జీతమూ ఇంచుమించు అంతే. కలిగిన ఇంటికి ఈ రెండో అంకె కనపడదు. ఆ వేసవి జీతంతోనే కాలేజీ పుస్తకాలు కొనుక్కునే పిల్లాడికి మొదట కనపడేది అదే. ఫీజు మాఫీ చేస్తామన్నా కొందరు పిల్లలు వెనకాడటానికి కారణమూ అదే. స్కాలర్‌షిప్పుల గురించి గొప్పగా చెప్పుకునే జట్లు ఈ లెక్క కూడా కట్టుకుంటే బాగుండును.

నాకు దీని మీద కోపం రావడానికి కారణం పాత చరిత్ర. డ్రమ్ కోర్ కలవారి ఇళ్ళలో పుట్టిన కళ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు, మిగిలిపోయిన బ్యూగిళ్ళూ డప్పులూ పట్టుకుని అమెరికన్ లీజియన్ శాఖల్లో మొదలుపెట్టిన సరదా అది. తర్వాత చర్చిలు, స్కౌట్ దళాలు, మాజీ సైనికుల సంఘాలు తమ పేటలోని పిల్లల్ని పోగేసి జట్లు కట్టాయి. 1934లో న్యూజెర్సీలోని గార్ఫీల్డ్‌లో హోలీ నేమ్ చర్చి పిల్లలతో మొదలైన జట్టే తర్వాత క్యాడెట్స్‌గా పేరు మోగింది. ఫ్యాక్టరీ కూలీల పిల్లలు సాయంత్రం నడిచెళ్ళి సాధన చేసి, రాత్రికి ఇంటికొచ్చి పడుకునేవాళ్ళు. మాజీ సైనికుల సంఘాల పెత్తనం పడలేక జట్ల నాయకులు విడిపోయి 1971లో డీసీఐ పెట్టుకున్నారు. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో తొలి పోటీ, గెలిచింది అనహైమ్ కింగ్స్‌మెన్. కళ ఒక్కసారిగా ఎదిగింది. దేశమంతా తిరగడమూ అప్పుడే ఊపందుకుంది. బస్సులు, లారీలు, డీజిలు, జీతాలిచ్చి పెట్టుకునే శిక్షకులు. తిరగలేని పేట జట్లు ఒక్కటొక్కటిగా మూతపడ్డాయి. ఒకప్పుడు వందల్లో ఉన్న జట్లు ఇప్పుడు పదుల్లోకొచ్చాయి. వాయింపు నాణ్యత మాత్రం ఆకాశాన్నంటింది, కాదనను. కానీ పేట పిల్లాడు బయటే ఉండిపోయాడు.

జట్ల వాళ్ళని అడిగితే ఫీజుతో సగం ఖర్చులు కూడా వెళ్ళవంటారు. చాలా చోట్ల నిజమే. మిగతాది విరాళాలతోనో, బింగో ఆటల ఆదాయంతోనో పూడ్చాలి. సొంత బింగో నడిపే శాంటా క్లారా వాన్‌గార్డ్, 2018 విజేత, డబ్బు చాలక 2023 వేసవికి బయల్దేరనే లేదు, మళ్ళీ 2024లో తేలింది. క్యాడెట్స్ కథ ఇంకా చేదు. 2018లో దాని డైరెక్టర్ మీద లైంగిక వేధింపుల ఆరోపణలు పత్రికకెక్కాయి, ఆయన దిగిపోయాడు. 2024 జనవరిలో, దావాల బరువుకి, తొంభై ఏళ్ళ సంస్థ దివాలా తీసింది. ఆ వేసవికి సిద్ధమవుతున్న పిల్లలు నడి చలికాలంలో వేరే గూడు వెతుక్కున్నారు.

అందుకని చెక్కు రాసేముందు రెండు పనులు చెయ్యండి. ఈ జట్లు దాదాపు అన్నీ లాభాపేక్ష లేని సంస్థలు, ఏటా పన్ను శాఖకి ఫారం 990 దాఖలు చేస్తాయి. అది ఎవరైనా చూడొచ్చు. అప్పు ఎంత, చేతిలో నిల్వ ఎంత, అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇల్లు కొనేముందు ఆరు నెలలు కాగితాలు తిరగేసే మనకి ఇదో లెక్కా? రెండోది, పిల్లల రక్షణకి ఏ నియమాలున్నాయి, ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి అని మొహమాటం లేకుండా అడగండి. విసుక్కుంటే ఆ జట్టు వద్దు. కట్టిన వాయిదాలు చాలాచోట్ల తిరిగిరావు, కాబట్టి అడగాల్సింది మొదటి వాయిదాకి ముందే.

డబ్బు ఎలాగోలా సర్దొచ్చు, ఒళ్ళు సర్దడం కష్టం. మైదానంలో అయిదు గజాలకో తెల్ల గీత ఉంటుంది. ఆ అయిదు గజాలనీ కచ్చితంగా ఎనిమిది అంగల్లో దాటాలి, అంగకి 22.5 అంగుళాలు. నలభై గజాల గీతకి రెండంగలు లోపల, మైదానం మీది ముందు హ్యాష్ గుర్తులకి నాలుగంగలు వెనక, ఇలా ప్రతి మనిషికీ ప్రతి మలుపులోనూ ఒక చిరునామా. దాన్ని డాట్ అంటారు. చిన్న పుస్తకంలో రాసుకుని, దానికి తాడు కట్టి మెడలో వేసుకుంటారు. ఒక్క ప్రదర్శనలో అలాంటివి వంద దాకా ఉంటాయి. చెమటకి తడిసి, ఎండి, అట్ట ఉబ్బిపోయిన ఆ పుస్తకం చూస్తే వేసవి ఎలా గడిచిందో ఎవరూ చెప్పక్కర్లేదు. కాళ్ళు మునివేళ్ళ మీద వెనక్కి పరుగు తీస్తుంటాయి, ఛాతీ ప్రేక్షకుల వైపే ఉండాలి, పెదాలు వాద్యం మీంచి చెదరకూడదు. భుజాన కాంట్రాబేసో టెనార్ డప్పులో ఉంటే పాతిక ముప్పై పౌన్ల బరువు అదనం.

ఇది మే నెలలో మొదలుపెట్టే కసరత్తు కాదు. జనవరి నుంచే పరుగు, నడుముకి బలం, వాద్యం ఎత్తిపట్టి మెట్రోనోమ్‌కి నిలబడి అడుగులేయడం. కొత్త బూట్లు మార్చిలోనే తొడిగి అరగదీసుకోవాలి, లేదంటే తొలి వారంలోనే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఒళ్ళు ఎండకి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఆ పదిహేను రోజులూ ఇంటి దగ్గరే పెట్టుకోవడం మేలు. ఏసీ గదిలో పెరిగిన పిల్లాడు మే నెల చివర్లో నేరుగా మైదానంలో దిగితే నీళ్ళూ ఉప్పూ ఎంత పట్టించినా మొదటి మూడు రోజులు నరకమే. వాయించాల్సిన సంగీతం కంఠతా పట్టుకు వెళ్ళినవాడికి అక్కడ కాళ్ళ మీద ధ్యాస పెట్టే తీరిక దొరుకుతుంది. పట్టనివాడికి రెండూ పోతాయి.

ఏ వేసవి అన్నది మన ఇళ్ళలో అసలైన తగువు. కాలేజీ మూడో ఏడాది తర్వాత వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్పుది, దాన్ని వదులుకోమని నేను చెప్పను. హైస్కూలు అయిపోయిన వేసవి, లేదా కాలేజీ మొదటి ఏడాది తర్వాతిది, ఈ రెండూ దీనికి సరైనవి. కాలేజీ దరఖాస్తులో రాసుకుంటే బాగుంటుందని పంపే తల్లిదండ్రులు మాత్రం పంపకపోవడమే నయం. జూన్ నాలుగో వారానికల్లా పిల్లాడికి తెలిసిపోతుంది తనెందుకు వచ్చాడో.

ఖర్చులో సగం పిల్లాడే సంపాదించుకోవాలని నా పట్టుదల. చలికాలం వారాంతాల్లో పని చేసి, తెలిసినవాళ్ళకి ఉత్తరాలు రాసి, చిన్న చిన్న విరాళాలు పోగేసి. అక్కడే మనవాళ్ళకో చిక్కుంది. హెచ్-4 వీసా మీదున్న పిల్లలకి ఉద్యోగం చేసే హక్కు లేదు. తోటివాళ్ళు పిజ్జాలు అమ్మి వాయిదాలు కట్టుకుంటుంటే వీళ్ళు మొత్తం నాన్న జేబు వైపే చూడాలి. ఆ ఇళ్ళకి నా నియమం వర్తించదు. అప్పు చేసి మాత్రం ఎవరూ వెళ్ళొద్దు. క్రెడిట్ కార్డు మీద పెట్టిన వేసవి చలికాలం దాకా కొరుకుతుంది.

స్తోమత లేకపోతే దారులు మూసుకుపోయినట్టు కాదు. డీసీఐలోనే ఓపెన్ క్లాస్ అనే మరో శ్రేణి జట్లు తక్కువ రోజులు తిరుగుతాయి, ఫీజూ తక్కువే. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మన పిల్లలకైతే న్యూజెర్సీలోనే హాథార్న్ కబాలెరోస్ ఉంది, పెన్సిల్వేనియాలో రెడింగ్ బక్కనీర్స్ ఉంది. రెండిట్లోనూ వయసు పట్టింపు లేదు, సాధన ఎక్కువగా వారాంతాల్లోనే, కాబట్టి ఉద్యోగం పోదు. కొడుకుతో పాటు తండ్రీ చేరొచ్చు. ఈ జట్లని రెండో రకంగా చూసే చిన్నచూపు నాకు గిట్టదు. పేట పిల్లల పాత కళకి ఇవే దగ్గరి చుట్టాలు.

తల్లి అడిగిన తిండి సంగతి మిగిలింది. జట్టు వెంట వంటిల్లుగా మార్చిన పెద్ద లారీ ఒకటి తిరుగుతుంది. మూడు పూటలే కాక, ప్రదర్శన అయ్యాక అర్ధరాత్రి నాలుగో పూటా పెడతారు. శాకాహారులకి ముందే చెబితే వేరుగా వండుతారు. వండేదీ వడ్డించేదీ చాలావరకు సొంత సెలవులు పెట్టుకొచ్చిన తల్లిదండ్రులు, పాత సభ్యులు. యూనిఫాంలకి కుట్లు వేసేదీ, లారీలు నడిపేదీ వాళ్ళే. పిల్లాణ్ణి బస్సెక్కించి చేతులు దులుపుకోవడం మానేసి, మీరూ ఓ వారం ఆ లారీ ఎక్కండి. నూటయాభై మందికి పులిహోర కలపడం అమెరికాలో మన గుళ్ళ వంటశాలల్లో శనివారాలు నిలబడేవాళ్ళకి కొత్త పనేమీ కాదు.