ఆరోగ్య సలహాలు: ఆగని త్రేన్పులు

ఒక సోదరి వ్రాస్తున్నారు: "మావారికి పన్నెండేళ్ళుగా మధుమేహం. ఇన్సులిన్ తీసుకుంటున్నారు. ఈమధ్య నాలుగు ముద్దలకే కడుపు నిండిందంటారు. ఆపైన గంటసేపు త్రేన్పులే! నలుగురిలో కూర్చోలేకపోతున్నారు. గోలీసోడా త్రాగితే హాయిగా ఉందంటారు. ఇవ్వవచ్చునా?"

ఇవ్వకండమ్మా. సోడాలోని గాలే త్రేన్పై బయటికి వస్తుంది. దానినే ఆయన హాయి అనుకుంటున్నారు. త్రేన్పులో చాలాభాగం మనం మింగిన గాలే. బలవంతాన త్రేన్చేవారు ప్రతిసారీ మరికొంత మింగుతారు. ఆ అలవాటు మెల్లగా మాన్పించాలి, విసుక్కుంటే మానదు.

నాలుగు ముద్దలకే కడుపు నిండడం వేరే సంగతి. మధుమేహం ముదిరిన కొందరిలో జీర్ణకోశాన్ని నడిపే నరం దెబ్బతిని, తిన్న అన్నం గంటల తరబడి అక్కడే నిలుస్తుంది. ఇన్సులిన్ మాత్రం తన వేళకు తాను పనిచేసుకుపోతుంది. అప్పుడు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కనుక ఈ త్రేన్పుల మాట సిగ్గుపడక డాక్టరుగారికి చెప్పండి. మందు మోతాదు, వేళలు ఆయనే మార్చాలి, మీరు కాదు.

ఈలోగా రెండుపూటల భోజనాన్ని అయిదారు చిన్న పూటలు చేయండి. మెత్తగా ఉడికిన బీరకాయ, సొరకాయ మేలు. వేపుళ్ళూ, గోరుచిక్కుడువంటి పీచు కూరలూ కడుపులో నిలుస్తాయి. తినగానే పడుకోనివ్వకండి, వీధి చివరిదాకా నడిపించండి.

త్రేన్పులతో చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, గుండెలో బరువనిపించినా గ్యాసని సరిపెట్టుకోకండి. మధుమేహులకు గుండెపోటు నొప్పి లేకుండానూ రావచ్చు. అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.